పుస్తకానికి నిలవని మనసు కథ ఆటకు నిలుస్తుందా? ఏకాగ్రత ఇబ్బందులున్న పిల్లలకు ఎంపికల కథలు

గవాక్షం అడిగారు:

మా అబ్బాయికి 9 ఏళ్లు. పిల్లల మానసిక వైద్యులు పరీక్షించి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం కనిపించే స్థితి) ఉందని నిర్ధారించి ఏడాది దాటింది. కుదురుగా కూర్చోలేకపోవడం కన్నా, చేస్తున్న పని మీద మనసు నిలవకపోవడమే వాడిలో ఎక్కువగా ఉందని చెప్పారు. మందుల విషయంలోనూ, తల్లిదండ్రులుగా మేము నేర్చుకోవలసిన పద్ధతుల విషయంలోనూ వారి సలహా ప్రకారమే నడుచుకుంటున్నాం కాబట్టి ఆ సంగతులు ఇక్కడ అడగడం లేదు. నా ప్రశ్న కథల గురించి.

వాడికి చదవడం రాదని కాదు. తడబడకుండా పేజీ అంతా చదివేస్తాడు. మొన్న చదివిన ఒక చిన్న కథలో వడ్రంగి కూతురు తాళంచెవిని కొట్టులోనే మరచిపోయి ఇంటికి వచ్చి, వానలో తడుస్తూ గడప ముందు నిలబడుతుంది. చదివాక అడిగితే తలుపు ఆకుపచ్చ రంగుదని చెప్పాడు, ఉరుము రెండుసార్లు ఉరిమిందని కూడా చెప్పాడు. ఆ పిల్ల లోపలికి ఎందుకు వెళ్లలేదంటే మాత్రం కొంతసేపు ఆలోచించి, "తడవడం ఇష్టమేమో" అన్నాడు. తాళంచెవి సంగతి అంతకు పది వాక్యాల ముందే వచ్చింది. అది చదివాడు, కానీ ఇక్కడిదాకా తనతో తెచ్చుకోలేదు.

ఇదే పిల్లవాడి చేతికి ట్యాబ్ ఇచ్చి ఆట పెడితే 40 నిమిషాలు కదలడు, పిలిచినా పలకడు. "ఆట మీద ఉన్న శ్రద్ధ చదువు మీద లేదేం?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటే నా దగ్గర సమాధానం ఉండటం లేదు.

పిల్లలే మధ్యమధ్యలో నిర్ణయాలు తీసుకుంటూ కథను నడిపించే ఆటలు ఇలాంటి పిల్లలకు పనికొస్తాయని ఒకరు చెప్పగా రెండు యాప్‌లు వేసి చూశాను. మొదటిదాంట్లో బొమ్మలో ఏది తాకినా ఏదో ఒకటి జరుగుతుంది. చెట్టును తాకితే పిట్టలు ఎగురుతాయి, కప్పను తాకితే బెకబెకమంటుంది. మా వాడు పది నిమిషాలు పిట్టలను ఎగరేస్తూ కూర్చున్నాడు. కథలోని పిల్ల దేని కోసం వెతుకుతోందని అడిగితే నా ముఖం వైపు చూశాడు. రెండోదాంట్లో రెండు పేజీలకొకసారి కథ ఆగి ఒక పజిల్ వస్తుంది. వాడు మాటలన్నీ చకచకా దాటేసి పజిల్ దగ్గరే ఆగుతున్నాడు. వీటివల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక స్క్రీన్ చూడటానికి మరో సాకు దొరికినట్లేనా? ఉపయోగం ఉంటే మంచిదాన్ని ఎలా గుర్తుపట్టాలి? నేను పక్కన కూర్చోవాలా, ఒంటరిగా వదిలేయవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


పలకాబలపం సమాధానం:

గవాక్షం గారూ, ప్రత్యేక విద్యలో పనిచేస్తున్నాను. మీ వడ్రంగి కూతురి ఉదాహరణలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఇంట్లో పెద్దవాళ్ల మాట. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు శ్రద్ధ అసలే లేదనుకోవడం ఆ పేరు వల్ల కలిగే అపోహ. శ్రద్ధ ఉంటుంది, దాన్ని తాము కోరిన చోటికి తిప్పి, కావలసినంత సేపు అక్కడ నిలపడమే వారికి కష్టం. ఆటలో ప్రతి రెండు మూడు సెకన్లకు ఏదో ఒక ఫలితం కనిపిస్తుంది, తప్పు చేసినా వెంటనే తెలిసిపోతుంది, విసుగు పుట్టేలోగా కొత్తది వచ్చేస్తుంది. అంటే శ్రద్ధను నిలిపే పనిలో చాలా భాగం పిల్లవాడి బదులు ఆటే చేసి పెడుతుంది. పుస్తకం అలాంటి సాయమేదీ చేయదు. ఈ పిల్లలకు ఆలస్యంగా వచ్చే పెద్ద ప్రతిఫలం కన్నా వెంటనే దొరికే చిన్న ప్రతిఫలం వైపే మొగ్గు ఎక్కువని పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్నారు. కాబట్టి 40 నిమిషాలు ఆట ఆడగలగడం సోమరితనానికి రుజువు కాదు, రోగనిర్ధారణ తప్పనడానికి రుజువు అంతకన్నా కాదు.

ఇక కథ సంగతి. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లార్చ్, రిచర్డ్ మిలిచ్ అనే పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ టీవీలో కథలు చూపించి, తరువాత ప్రశ్నలు అడిగారు. ఒకసారి గదిలో ఆడుకునే బొమ్మలు పెట్టారు, ఒకసారి పెట్టలేదు. బొమ్మలు ఉన్నప్పుడు ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల చూపు టీవీ మీది నుంచి ఎక్కువగా తప్పుకోవడంలో వింత లేదు. నాకు విలువైనదిగా తోచింది ఆ తరువాతి విషయం. ఎవరు వచ్చారు, ఏం జరిగింది అనే ప్రశ్నలకు వారు మిగిలిన పిల్లలతో సమానంగానే జవాబులు చెప్పారు. ఒక సంఘటనకూ మరో సంఘటనకూ ఉన్న సంబంధాన్ని అడిగే 'ఎందుకు' ప్రశ్నల దగ్గర వెనకబడ్డారు. చూపు పక్కకు వెళ్లినప్పుడల్లా కథలోని దారం తెగుతుంది, తిరిగి వచ్చాక దొరికే ముక్కలు విడివిడి పూసలుగానే మిగిలిపోతాయి. మీ అబ్బాయికి ఆకుపచ్చ తలుపు గుర్తుండి తాళంచెవి జారిపోవడం సరిగ్గా ఇదే.

అందుచేత మనం వెతకవలసింది పిల్లవాణ్ని ఎక్కువసేపు కూర్చోబెట్టే ఆట కాదు. 'అందుకని', 'కాబట్టి' అనే మాటలను పిల్లవాడి చేతే పలికించే ఆట కావాలి. ఈ తేడా దగ్గరే చాలా యాప్‌లు బోల్తా పడుతున్నాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో అడ్రియానా బుస్, ఆమె సహచరులు చిన్నపిల్లల ఎలక్ట్రానిక్ కథల పుస్తకాల మీద జరిగిన 43 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2015లో ప్రచురించారు. వారు చూసినవి ఏడీహెచ్‌డీ పిల్లలనే కాదు, పిల్లలందరినీ ఉద్దేశించి చేసిన అధ్యయనాలు. కథలో చెబుతున్నదానికి సరిపోయే కదిలే బొమ్మలు, సంగీతం, ధ్వనులు కథ అర్థం కావడానికి తోడ్పడ్డాయి. తాకితే ఏదో ఒకటి జరిగే చోట్లు, మధ్యలో వచ్చే చిన్న ఆటలు మాత్రం అంతగా తోడ్పడకపోగా కొన్నిచోట్ల అడ్డమే అయ్యాయి. మీరు వేసిన రెండు యాప్‌లలో ఉన్నవి సరిగ్గా ఆ రెండే. పిట్టలను ఎగరేస్తూ కూర్చున్నాడని అబ్బాయిని తప్పుపట్టకండి. ఆ పేజీయే అతన్ని కథలోంచి లేపి చెట్టు దగ్గరికి పంపింది.

కొత్త యాప్ దొరికినప్పుడల్లా నన్ను నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ తాకుడును తీసేస్తే కథ మారుతుందా? మారకపోతే అది అలంకారమే, మన పిల్లలకైతే ఆటంకం. 'తాళంచెవి తీసుకుని వెళ్లాలా, వాన మొదలయ్యేలోగా పరుగెత్తాలా' అని అడిగి, ఎంచుకున్నదాని ఫలితాన్ని తరువాతి పేజీల్లో చూపించే కథలో ఆ ఎంపికను తీసేస్తే కథే ఉండదు. అలాంటిది ఉంచండి, మిగిలినవి తీసేయండి.

మీరు పక్కన కూర్చోవాలా అంటే, కనీసం మొదటి కొన్ని వారాలు తప్పకుండా కూర్చోండి. గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో పెద్దలూ పిల్లలూ మాట్లాడుకుంటూ కథ చదివే ఒక పద్ధతి గురించి ప్రచురించారు. పెద్దవారు చదివి వినిపించడం తగ్గించి ప్రశ్నలు అడుగుతారు, పిల్లవాడు చెప్పినదాన్ని కొంచెం పెంచి తిరిగి చెబుతారు, క్రమంగా కథ చెప్పే పాత్ర పిల్లవాడి చేతికి వెళుతుంది. ఎంపికల కథలో ఇది మరీ సులువు, ఎందుకంటే ప్రశ్న ఎక్కడ అడగాలో కథే చూపిస్తుంది. బాబు ఒక దారిని తాకబోయే ముందు "ఇది ఎంచుకుంటే ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడగండి, ఫలితం వచ్చాక "ఇలా ఎందుకు జరిగింది?" అని అడగండి. పరీక్షలో అడిగినట్లు కాకుండా, మీకూ నిజంగా తెలియనట్లు అడగాలి. రోజుకు మూడు నాలుగు ప్రశ్నలు మించితే కథ పాఠమైపోతుంది, అబ్బాయి లేచి వెళ్లిపోతాడు.


అనుమానపక్షి సమాధానం:

పలకాబలపం గారు చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయితే 'ఏకాగ్రతను పెంచే ఆట' అనే పేరుతో అమ్మే ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టి నమ్మే ప్రమాదం ఉంది కాబట్టి కొన్ని వివరాలు రాస్తున్నాను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జూన్‌లో ఎండెవర్‌ఆర్‌ఎక్స్ అనే ఒక ఆటను 8 నుంచి 12 ఏళ్ల ఏడీహెచ్‌డీ పిల్లల కోసం, వైద్యుల చీటీ మీద వాడటానికి అనుమతించింది. చీటీ మీద రాసిచ్చే ఆట రావడం అదే మొదలు. దాని వెనక ఉన్న ముఖ్యమైన పరీక్షలో 348 మంది పిల్లలు పాల్గొన్నారు. రోజుకు సుమారు 25 నిమిషాలు, వారానికి 5 రోజులు, 4 వారాల పాటు సగం మంది ఈ ఆటను, సగం మంది మాటల ఆటనొకదాన్ని ఆడారు. కంప్యూటర్ మీద చేసే శ్రద్ధ పరీక్షలో మొదటి బృందం మెరుగుపడింది. ఇంట్లో కనిపించే లక్షణాల గురించి తల్లిదండ్రులు ఇచ్చిన అంచనాల్లో మాత్రం రెండు బృందాలూ ఇంచుమించు ఒకేలా మెరుగుపడ్డాయి. ఆడిన ఆటకు దగ్గరగా ఉండే పనిలో మెరుగవడం ఒకటి, పుస్తకాల సంచి తనంతట తాను సర్దుకోవడం మరొకటి. పైగా అది వాహనం నడుపుతూ అడ్డంకులు తప్పించుకునే ఆట. మీరు అడుగుతున్న కథ ఆట కాదు.

వర్కింగ్ మెమరీని, అంటే ఒక విషయాన్ని మనసులో పట్టుకుని ఉంచుతూనే దానితో పని చేసే శక్తిని, కంప్యూటర్ అభ్యాసాలతో పెంచవచ్చన్న ఆశ కూడా ఇలాగే తగ్గింది. వర్కింగ్ మెమరీ, శ్రద్ధ వంటివాటిని పెంచే అభ్యాసాల గురించి ఏడీహెచ్‌డీ పిల్లల మీద జరిగిన 16 యాదృచ్ఛిక పరీక్షలను (పిల్లలను చీటీలు తీసినట్లు బృందాలుగా విడదీసి చేసేవి) శామ్యూలె కోర్టెసె, సహచరులు 2015లో కలిపి చూశారు. పిల్లవాడు ఏ బృందంలో ఉన్నాడో తెలియనివారు చేసిన అంచనాలను మాత్రమే తీసుకున్నప్పుడు, లక్షణాల మీద ఆ అభ్యాసాల ప్రభావం బాగా తగ్గిపోయింది.

న్యాయంగా మరొక వైపు కూడా చెప్పాలి. కథకు దగ్గరగా ఉండే ఆటల్లో ప్లాన్-ఇట్ కమాండర్ అని ఒకటి ఉంది. పిల్లవాడు కెప్టెన్‌గా మారి అరుదైన ఖనిజాలను వెతుకుతూ, దారిలో వచ్చే పనులను వేళకు, వరుసగా పూర్తి చేయాలి. నెదర్లాండ్స్, బెల్జియంలలో 8 నుంచి 12 ఏళ్ల ఏడీహెచ్‌డీ పిల్లలు 170 మందితో చేసిన దీని పరీక్ష 2016లో వెలువడింది. పిల్లలు తమ మామూలు చికిత్సను కొనసాగిస్తూనే దీన్ని ఆడారు. సమయాన్ని సర్దుకోవడం మెరుగైందని తల్లిదండ్రులు చెప్పారు. పనులను ప్రణాళికతో చేసుకోవడం గురించి ఉపాధ్యాయులు ఇచ్చిన అంచనాల్లో బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పిల్లవాడు ఆ ఆట ఆడుతున్నాడని తల్లిదండ్రులకు తెలుసు కదా, వారి అంచనాలో ఆశ కొంత కలిసి ఉండవచ్చు. చికిత్సకు తోడుగా వాడండి, చికిత్స బదులు వద్దు. యాప్ ప్రకటనలో 'శాస్త్రీయంగా నిరూపితం' అని ఉంటే, దేని మీద నిరూపితమైందో, ఎవరు కొలిచారో చూడండి.


తెడ్డు సమాధానం:

నేను ఉపాధ్యాయురాలినీ కాదు, పరిశోధకురాలినీ కాదు. మా అమ్మాయికి 11 ఏళ్లు, ఇదే ఇబ్బంది. బయట దొరికిన యాప్‌లతో విసిగిపోయి రెండేళ్ల క్రితం సొంతంగా కథలు తయారుచేయడం మొదలుపెట్టాను. చాలా తప్పులు చేశాను, అవి మీకు పనికొస్తాయేమో.

ట్వైన్ అనే ఉచిత సాధనం ఉంది. క్రిస్ క్లిమాస్ 2009లో విడుదల చేశారు. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, ప్రోగ్రామింగ్ రానవసరం లేదు, తెలుగులో నేరుగా రాసుకోవచ్చు. ఒక గడిలో కథ ముక్క రాసి, కావలసిన మాటను రెండు జతల చదరపు కుండలీకరణాల్లో పెడితే, అది తరువాతి గడికి దారి అయిపోతుంది. గడులన్నీ తెర మీద బాణాలతో కలిసిన పటంలా కనిపిస్తాయి. ఇలాంటి ఆటలకు మూలమైనవాటిలో ఒకటి 1970ల మధ్యలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ తన కూతుళ్లు ఆడుకోవాలని కూడా రాసిన గుహ ఆట. మాటలు తప్ప బొమ్మ ఒక్కటి కూడా లేని ఆట అది. ఆ సంగతి చదివినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మొదటి కథ ఇలా ఉంది. నది అవతల దీవిలో ఉన్న వైద్యురాలికి ఉత్తరం ఇవ్వాలి. పడవ ఉంది, తెడ్డు ఉంది, ఒడ్డున ఒక తాడు చుట్ట పడి ఉంది. చీకటి పడబోతోంది. మొదటి గడిలో నేను రాసినది ఇంతే: "తాడు బరువుగా ఉంది. దాన్ని పడవలోకి ఎత్తడానికి కొంచెం సమయం పడుతుంది. నువ్వు తాడు తీసుకుంటావా, వెంటనే బయలుదేరతావా?" తాడు తీసుకోకపోతే వెంటనే ఏమీ కాదు. పడవ హాయిగా సాగుతుంది, మధ్యలో ఒక తాబేలు కనిపిస్తుంది, దీవి వస్తుంది. దిగి ఉత్తరం ఇచ్చి తిరిగి వచ్చేసరికి పడవ ఉండదు. మా అమ్మాయి మొదటిసారి ఆ గడి చూసి "ఎవరో ఎత్తుకుపోయారు" అంది. నేను మాట్లాడలేదు. మళ్లీ మొదటినుంచి ఆడింది, మళ్లీ పడవ పోయింది. మూడోసారి తాడు దగ్గరికి వచ్చేసరికి వేలు గాలిలోనే ఆగిపోయింది. "అమ్మా, కట్టలేదు కదా!" అంది. ఆ ఆగిన వేలు కోసమే ఇంత శ్రమ అని అప్పుడు అర్థమైంది.

ఇక తప్పులు. మొదట ప్రతి గడిలో నాలుగేసి దారులు పెట్టాను, ఎక్కువ స్వేచ్ఛ ఉంటే బాగుంటుందని. తాను చదవకుండా పైన ఉన్నదాన్నే తాకుతూ పోయింది. రెండుకు తగ్గించాక రెండూ చదవడం మొదలుపెట్టింది. తరువాత, తప్పు ఎంచుకుంటే "నువ్వు ఓడిపోయావు" అని కథ ముగిసేలా రాశాను. ట్యాబ్ విసిరేసి ఏడ్చింది. ఈ పిల్లలు రోజంతా తప్పు చేశావనే మాట వింటూనే ఉంటారు, ఇంటికి వచ్చి కథలో కూడా వినాలా? ఇప్పుడు ఏ దారిలో వెళ్లినా కథ ముందుకే సాగుతుంది. పడవ పోతే దీవిలో రాత్రి గడపాలి, అక్కడ ఇంకొక కథ. కాకపోతే ఎందుకు అక్కడ ఉండిపోవలసి వచ్చిందో ఆ రాత్రి వైద్యురాలికి చెప్పాలి, దానికి రెండు జవాబులు ఇస్తాను, ఒకటే నిజం.

మూడో తప్పు లెక్కలోనిది. ప్రతి ఎంపికా కొత్త దారికి తీసుకెళితే, ఐదు ఎంపికలకు 32 ముగింపులు రాయాలి, మొత్తం 63 గడులు. నేను పదకొండు రాసి చేతులెత్తేశాను. విడిపోయిన దారులు రెండు మూడు గడుల తరువాత మళ్లీ ఒకేచోట కలవాలి. ఏ దారిలో వచ్చారో గుర్తుగా ఒక వస్తువు మాత్రం చేతిలో మిగలాలి. అలా చేస్తే పదిహేను గడులలో మంచి కథ వస్తుంది.

చేతిలోని వస్తువుల గురించి ఒక మాట. మొదట్లో అవి తనకు గుర్తుండాలని దాచేశాను, జ్ఞాపకానికి వ్యాయామం అనుకుని. పూర్తిగా తికమకపడిపోయింది. ఇప్పుడు తెర పైభాగంలో ఒక సంచి బొమ్మ, అందులో తాడు, లాంతరు, ఉత్తరం ఎప్పుడూ కనిపిస్తూ ఉంటాయి. ఏం ఉందో గుర్తుపెట్టుకునే భారం తగ్గాక, ఉన్నదాన్ని దేనికి వాడాలో ఆలోచించడానికి తీరిక దొరికింది.

ట్వైన్ కూడా వద్దనుకుంటే పోస్టుకార్డు సైజు అట్టముక్కలు చాలు. ఒక్కో ముక్క మీద నాలుగు వాక్యాలు, కింద ఏ ముక్కకు వెళ్లాలో చెప్పే రెండు అంకెలు. నేను మొదట కార్డుల మీదే రాసి, ఆడించి చూసి, తరువాతే ట్వైన్‌లోకి ఎక్కిస్తాను. స్క్రీన్ భయం ఉన్నవాళ్లు కార్డుల దగ్గరే ఆగిపోవచ్చు, నష్టమేమీ లేదు.


గవాక్షం మళ్లీ రాశారు:

అందరికీ ధన్యవాదాలు. రెండు యాప్‌లూ తీసేశాను. తెడ్డు గారి పడవ కథనే, వారి అనుమతి ఉందనుకుని, పన్నెండు కార్డుల మీద రాసి ఆడించాను. మా వాడు రెండోసారికే తాడు తీసుకున్నాడు, కానీ ఎందుకో చెప్పమంటే "పోయినసారి తీసుకోలేదు కాబట్టి" అన్నాడు. అంటే అర్థమయ్యే తీసుకున్నాడా, ఉత్తినే రెండోది ప్రయత్నించాడా తెలియడం లేదు. మరో రెండు సందేహాలు. ఒకటి, ఆట ఆపే వేళకు పెద్ద రభస అవుతోంది, కార్డులతో కూడా. రెండు, మూడో రోజున "నేను ఆడను, నేనే రాస్తాను" అని కార్డులు లాక్కున్నాడు. రాయనివ్వాలా, లేక ముందు ఆడటం బాగా అలవాటయ్యేదాకా ఆగాలా?


పలకాబలపం సమాధానం:

తప్పకుండా రాయనివ్వండి. తాడు దగ్గర అర్థమయ్యే ఎంచుకున్నాడా అనే మీ సందేహానికి కూడా అక్కడే జవాబు దొరుకుతుంది. కథను ఆడేటప్పుడు యాభై శాతం అదృష్టంతో సరైన దారి దొరుకుతుంది. కథను రాసేటప్పుడు 'ఇది చేస్తే అది జరుగుతుంది' అనేదాన్ని తానే పుట్టించాలి, ఊహించి తప్పించుకోవడం కుదరదు. రాత బరువుగా ఉంటే మీరు రాయండి, అతను చెప్పనీయండి. మొదటి కథకు ఒక్క ఎంపిక, రెండు ముగింపులు చాలు. ముందు పెద్ద కాగితం మీద గడులూ బాణాలూ గీయించండి. బొమ్మలు కదలాలని కోరితే, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో తయారైన స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ సాధనం ఉచితంగా దొరుకుతుంది, అది 8 ఏళ్లు దాటినవారి కోసం. ఇంకా చిన్నవాళ్లకు 5 నుంచి 7 ఏళ్ల వారి కోసం స్క్రాచ్ జూనియర్ వేరే ఉంది. అయితే ఇప్పుడే అటు వెళితే బొమ్మల రంగులు మార్చడంలోనే గంటలు గడిచిపోతాయి. కాగితం మీద కథ పూర్తయ్యాక చూడండి.

ఆపడం గురించి. గడియారం చూసి కథ మధ్యలో ఆపితే ఎవరికైనా కోపం వస్తుంది, ఈ పిల్లలకు ఒక పని నుంచి మరొక పనికి మారడమే అసలు కష్టం. మొదలుపెట్టే ముందే "ఈరోజు దీవి చేరేదాకా" అని కథలోనే ఒక చోటు చెప్పుకోండి. అక్కడికి చేరాక "రేపు ఏమవుతుంది?" అని అడిగి, అతను చెప్పిన ఊహను ఒక చీటీ మీద రాసి కార్డుల మీద పెట్టండి. చాలా మంది పిల్లలు ఆ చీటీ రేపటిదాకా భద్రంగా ఉంటుందన్న నమ్మకం మీద లేస్తారు. 15 నుంచి 20 నిమిషాలు చాలు. ట్యాబ్ మీద ఆడేదైతే నిద్రకు కనీసం గంట ముందే ముగించండి.

ఇంకొకటి మీకు నేరుగా పనికొస్తుంది. కాటరీనా గావ్రిలోవ్, పీటర్ గోల్విట్సర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఏడీహెచ్‌డీ పిల్లలకు 'ఫలానాది కనిపిస్తే నేను ఇలా చేస్తాను' అనే రూపంలో ముందే సంకల్పం చెప్పుకోమన్నప్పుడు, తొందరపడి స్పందించకుండా ఆగడం మెరుగైంది. మీ కథలోని ఎంపికలు సహజంగా ఇదే రూపంలో ఉంటాయి. 'పడవ దిగితే, ముందు తాడు కడతాను' అని కథలోని పిల్ల చేత అనిపించండి. నాలుగు రోజుల తరువాత 'తలుపు దాటితే, ముందు సంచిలో డైరీ చూస్తాను' అని మీ అబ్బాయి గురించి ఒక కార్డు రాయండి. కథలో నేర్చుకున్నది నిజ జీవితంలోకి తనంతట తాను నడిచి రాదు, అనుమానపక్షి గారు చెప్పినది అదే. కాబట్టి ఆ వంతెన మనమే వేయాలి.


అనుమానపక్షి సమాధానం:

వంతెన గురించి ఒప్పుకుంటాను. ఒక చిన్న సూచన: తరగతి ఉపాధ్యాయులకు ఈ కార్డుల సంగతి చెప్పకుండా, పాఠంలో ఒక 'ఎందుకు' ప్రశ్నకు ఎలా జవాబు చెబుతున్నాడో నెలకొకసారి మాత్రం అడిగి రాసుకోండి. మనం ఆశతో చూస్తాం, వారికి ఆ ఆశ ఉండదు.


గవాక్షం మళ్లీ రాశారు:

ఉపాధ్యాయురాలిని అడిగాను, సరేనన్నారు. రాసుకోవడం ఈ నెల నుంచే మొదలు.

మా వాడి కథ నిన్నటికి తొమ్మిది కార్డులైంది. లాంతరు వెలిగించుకుని గుహలోకి వెళ్లే అబ్బాయి కథ. వాడు చెబుతుంటే నేను రాశాను. సాయంత్రం కార్డులు వరుసగా పరిచి నాకు ఆడించి చూపించాడు. లాంతరు తీసుకోకుండా వెళ్లే దారిని నేను ఎంచుకున్నాను. ఏడో కార్డు చదవగానే ఆగిపోయాడు. అందులో అబ్బాయి లాంతరు ఎత్తి గోడ మీది రాతను చదువుతున్నాడు. "అమ్మా, నువ్వు లాంతరు తేలేదు. మరి ఇక్కడ ఎలా ఉంది?" అన్నాడు. రాసింది నువ్వే కదా అన్నాను. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగో కార్డు దాకా వెనక్కి వెళ్లి, లాంతరు ఎక్కడ వదిలేశామో వేలితో చూపించాడు. ఏడో కార్డును రెండుగా చేయాలట; ఒకదాంట్లో గోడ మీద రాత కనిపిస్తుంది, రెండోదాంట్లో చేత్తో తడిమి చూసుకోవాలి. రెండోది ఇంకా రాయలేదు. చీకట్లో తడిమితే అక్షరాలు తెలుస్తాయా అని ఉదయం నుంచి కళ్లు మూసుకుని గోడలు తడుముతున్నాడు.